శనివారం సెలవనుకునే సాఫ్ట్‌వేర్

ఏ పని ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్. దాంట్లో కొత్త ఫైల్ తెరిస్తే అందులో ముందే మూడు క్యాలెండర్లు ఉంటాయి: స్టాండర్డ్, 24 అవర్స్, నైట్ షిఫ్ట్. ఎవరూ ఏమీ మార్చకపోతే పనంతా స్టాండర్డ్ మీదే నడుస్తుంది. దాని లెక్కలో మనుషులు సోమవారం నుంచి శుక్రవారం దాకా, పొద్దున 8 నుంచి 12, మళ్లీ 1 నుంచి 5 వరకు పని చేస్తారు. శని, ఆదివారాలు సెలవు. ఆ రెండు తప్ప ఏడాదిలో ఇంకో సెలవు లేదు. ఆ క్యాలెండర్‌కు సంక్రాంతి తెలియదు, ఆగస్టు 15 తెలియదు.

విజయనగరంలోనో శ్రీకాకుళంలోనో ఏ సైట్‌కైనా శనివారం వెళ్లి చూస్తే మేస్త్రి, కూలీలు, మిక్సర్ అన్నీ పనిలోనే కనిపిస్తాయి. వారం కూలి చేతిలో పడే రోజు గనక చాలా చోట్ల ఆ రోజే మస్తరు (హాజరు పట్టీ) నిండుగా ఉంటుంది. అంటే సాఫ్ట్‌వేర్ ఒక వైపు వారానికో రోజు తక్కువ లెక్కేస్తోంది, ఇంకో వైపు పండగలన్నిటికీ పని చేయించేస్తోంది. ఈ రెండు తప్పులూ కొంతవరకు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఆఖరి తేదీ చూడ్డానికి బాగానే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. మధ్యలో ఏ నెల బిల్లుకి ఎంత పని అవుతుందన్న లెక్క మాత్రం ప్రతి నెలా తప్పుతుంది. అప్పుడు తిట్లు సైట్ ఇంజనీరుకి పడతాయి గాని క్యాలెండర్‌కి పడవు.

క్యాలెండర్ మార్చాలంటే ప్రాజెక్ట్ ట్యాబ్‌లో ‘ఛేంజ్ వర్కింగ్ టైమ్’ తెరవాలి. స్టాండర్డ్‌నే నేరుగా దిద్దవచ్చు గాని, దాన్ని కాపీ చేసి ‘సైట్ ఆరు రోజులు’ లాంటి పేరు పెట్టుకోవడం మంచిది. తర్వాత ఫైల్ చేతులు మారినప్పుడు ఇది ఎవరో కావాలని చేసిన క్యాలెండర్ అని పేరే చెబుతుంది. ఇక్కడ చాలామంది కాలు జారేది ఒకటుంది. కొత్త క్యాలెండర్ తయారు చేసినంత మాత్రాన ప్రాజెక్ట్ దాన్ని వాడుకోదు. ‘ప్రాజెక్ట్ ఇన్ఫర్మేషన్’ పెట్టెలో దాన్ని ఎంచుకోవాలి. పైగా పనులను తేదీల వెంట పట్టీలుగా చూపే గాంట్ చార్ట్‌లో సెలవు రోజులకు కనిపించే బూడిద రంగు వేరే చోట, టైమ్‌స్కేల్ సెట్టింగ్‌లో ఉంటుంది. దానికి ఏ క్యాలెండర్ ఇస్తే ఆ క్యాలెండర్ సెలవులే రంగు వేస్తుంది. ప్రాజెక్ట్ ఒక క్యాలెండర్ మీద నడుస్తూ, తెర మీద రంగు ఇంకో క్యాలెండర్‌ది ఉండొచ్చు. రంగు చూసి శనివారం పని ఉందనో లేదనో తేల్చుకుంటే మోసపోయినట్లే.

తర్వాతి చిక్కు మూడు అంకెలది. ఆప్షన్స్‌లో రోజుకు 8 గంటలు, వారానికి 40 గంటలు, నెలకు 20 రోజులు అని ఉంటుంది. ఇవి క్యాలెండర్‌లో భాగం కావు, మనం కొట్టిన మాటను గంటల్లోకి మార్చే మారకం రేటు మాత్రమే. సాఫ్ట్‌వేర్ లోపల లెక్క రోజుల్లో కాదు, గంటలు, నిమిషాల్లోనే. క్యాలెండర్‌ను ఆరు రోజులకు మార్చి ఈ అంకెలను మరిచిపోతే ఏమవుతుందో చూద్దాం. కాంట్రాక్టర్ ‘పునాదులకు మూడు నెలలు’ అన్నాడని డ్యూరేషన్ (పనికి పట్టే కాలం) గడిలో మూడు నెలలు అని కొడితే, నెలకు 20 చొప్పున 60 పనిదినాలు వస్తాయి. వారానికి ఆరు రోజులు పని చేసే క్యాలెండర్‌లో 60 రోజులంటే సరిగ్గా పది వారాలు. కాంట్రాక్టర్ మనసులో ఉన్నది తొంభై రోజులు, ఫైల్‌లో ఉన్నది డెబ్బై. ఒక్క అంకె దిద్దనందుకు మూడు వారాలు ఎవరూ కొయ్యకుండానే కోతపడ్డాయి. వారం కూడా అంతే. ‘1 వారం’ అంటే 40 గంటలు, సోమవారం మొదలైన పని శుక్రవారానికే ముగిసిపోతుంది. ఆరు రోజుల సైట్‌కు ఈ అంకెలు 8, 48, 26 అని ఉండాలి. నెల జీతాన్ని 26తో భాగించి రోజు కూలి కట్టే అలవాటు ఉన్నవాళ్లకు ఈ అంకె కొత్తగా ఉండదు.

అదే ఆప్షన్స్ పేజీలో రోజు మొదలయ్యే వేళ, ముగిసే వేళ అని ఇంకో రెండు గళ్లుంటాయి, 8 గంటలు, 5 గంటలు అని. క్యాలెండర్‌ను 7 నుంచి 12, 1 నుంచి 4కి మార్చి వీటిని వదిలేస్తే ఒక తమాషా జరుగుతుంది. ఒక పనికి తేదీ చేత్తో కొడితే అది ఆ రోజు 8కి మొదలవుతుంది. 4 గంటలకు రోజు ముగిసేసరికి ఏడు గంటల పనే అయింది. మిగిలిన ఒక్క గంట మర్నాడు పొద్దున ఏడింటికి పడుతుంది. ఒక్కరోజు పని రెండు తేదీల్లో కనిపిస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో ఏదో లోపం ఉందని చాలామంది అనుకునేది ఇక్కడే.

పండగల దగ్గరికి వద్దాం. ‘ఎక్సెప్షన్స్’ అన్న జాబితాలో సెలవులు ఎక్కించాలి. ప్రతి ఏడూ తిరిగి వచ్చేలా పెట్టే ఏర్పాటు కూడా అందులోనే ఉంది. జనవరి 26, ఆగస్టు 15, అక్టోబర్ 2కి అది చక్కగా సరిపోతుంది. ‘ప్రతి నెల రెండో శనివారం’ అని కూడా పెట్టొచ్చు. ప్రభుత్వ ఆఫీసు నుంచి అనుమతి రావాల్సిన పనులకు విడిగా ఒక క్యాలెండర్ కడితే అందులో ఇది ఉండాల్సిందే. చాంద్రమానం మీద నడిచే పండగలకు వచ్చేసరికి ఈ ఏర్పాటు చేతులెత్తేస్తుంది. విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం దసరా వెళ్లాక వచ్చే మంగళవారం జరుగుతుంది. 2023లో అది అక్టోబర్ 31, ఆ నెలలో ఐదో మంగళవారం. 2024లో అక్టోబర్ 15, మూడోది. 2025లో అక్టోబర్ 7, మొదటిది. తేదీతో పెట్టినా, ‘ఫలానా మంగళవారం’ అని పెట్టినా రెండో ఏడాదికే తప్పుతుంది. అరసవల్లి రథసప్తమీ అంతే: 2024లో ఫిబ్రవరి 16, 2025లో ఫిబ్రవరి 4, 2026లో జనవరి 25. పంచాంగం పక్కన పెట్టుకుని ఏ ఏటికా ఏడు చేత్తో కొట్టడం తప్ప దీనికి వేరే దారి లేదు.

ఇంకో మాట. సిరిమాను సెలవు జిల్లా అంతటికీ ఒకేలా పడదు. అమ్మవారి చదురుగుడికీ కోటకీ మధ్య సిరిమాను (పూజారి కూర్చునే పొడవాటి మాను) మూడుసార్లు తిరిగే రోజున ఊళ్లోకి సిమెంటు లారీ రాదు, ముందురోజు సోమవారం, తొలేళ్ల నాడే రోడ్లు నిండిపోతాయి. కాబట్టి పట్టణంలోని సైట్‌కు రెండు రోజులూ సెలవు పెట్టాల్సిందే. బొబ్బిలి వైపు సైట్‌లో అదే సోమవారం పని నడవచ్చు. పల్లెల్లో గ్రామదేవత సంబరాలు వేరు, వాటి తేదీలు ఊరి పెద్దలు తేలుస్తారు. సైట్ మేస్త్రిని అడిగితే తెలిసే సంగతి ఇది, ఇంటర్నెట్‌లో దొరికే సెలవుల జాబితాలో ఉండదు.

కాపీ చేసిన క్యాలెండర్లతో ఒక జాగ్రత్త కూడా అవసరం. కాపీ తీసిన క్షణం నుంచి అసలుకీ కాపీకీ సంబంధం తెగిపోతుంది. సైట్‌కొకటి, రాత్రి షిఫ్ట్‌కొకటి, ఆఫీసు అనుమతులకొకటి అని మూడు ఉంటే, కొత్తగా ప్రకటించిన సెలవును మూడింటిలోనూ ఎక్కించాలి. ఒక్కదాంట్లో ఎక్కిస్తే ఆ రోజు పగలు సైట్ మూతపడి, రాత్రి షిఫ్ట్ మాత్రం దర్జాగా నడుస్తుంది. మనుషుల క్యాలెండర్ల సంగతి వేరు. అవి స్టాండర్డ్ లాంటి ఏదో ఒక బేస్ (మూల) క్యాలెండర్‌ను ఆధారం చేసుకునే ఉంటాయి గనక బేస్‌లో పెట్టిన సెలవు వాటికీ చేరుతుంది. సిమెంటు, ఇనుము లాంటి సామగ్రికి క్యాలెండర్ ఉండదు.

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల శ్రమకు ఒక ప్రత్యేక లయ ఉంది. జులై, ఆగస్టులో వరి ఉభాలు (నాట్లు), నవంబర్, డిసెంబర్‌లో కోతలు. ఆ వారాల్లో సైట్‌కి వచ్చే మనుషులు పలచబడతారు. హైదరాబాద్‌కో చెన్నైకో వలస వెళ్లి పని చేసే శ్రీకాకుళం వాళ్లు సంక్రాంతికి ఊరొస్తారు, కనుమ మర్నాడే బస్సెక్కరు. కాబట్టి అక్కడి సైట్ల లెక్కా ఇక్కడి పండగ మీదే ఆధారపడుతుంది. దీన్ని సెలవుగా పెట్టాలని అనిపించడం సహజమే గాని అది తప్పు. సగం మంది వచ్చిన రోజు సెలవు రోజు కాదు. దీనికి సరైన చోటు ఆ వనరు (ఇక్కడ కూలీల గుంపు) వివరాల్లో ఉండే అందుబాటు పట్టిక. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా నలభై మందికి బదులు ఇరవై మందే ఉంటారని అందులో రాయవచ్చు. అలా రాసినంత మాత్రాన తేదీలు జరగవు, మనుషులు చాలడం లేదని ఎర్రగా చూపిస్తుందంతే. లెవెలింగ్ (ఉన్న మనుషులకు సరిపడేలా పనులను సాఫ్ట్‌వేరే జరపడం) చేస్తేనో, ప్లానింగ్ ఇంజనీర్ చేత్తో పనులు జరిపితేనో తేదీలు కదులుతాయి.

ఎండాకాలానికి ‘వర్క్ వీక్స్’ అన్న ట్యాబ్ ఉంది. రోహిణి కార్తెలో మధ్యాహ్నం ఒంటిగంటకు స్లాబ్ మీద ఇనుము కట్టమంటే ఎవరూ కట్టరు. మే 1 నుంచి జూన్ 10 దాకా పొద్దున 6 నుంచి 11, మళ్లీ 3:30 నుంచి 6:30 అని ఒక వారం నమూనా పెడితే ఆ తేదీల్లో అదే అమలవుతుంది. ఎనిమిది గంటలు ఎనిమిది గంటలుగానే ఉంచడం వల్ల రోజు లెక్క చెదరదు. ఏడున్నర చేస్తే ప్రతి ఒక్కరోజు పనికీ అరగంట మర్నాటికి కారుతుంది. గల్ఫ్‌లో పని చేసొచ్చిన ప్లానింగ్ ఇంజనీర్లకు ఈ ట్యాబ్ బాగా తెలుసు. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం 12:30 నుంచి 3 దాకా ఎండలో పని నిషేధం, రంజాన్‌లో పనిగంటలు వేరు. ఇక్కడ ఎండే ఆ పని చేస్తుంది.

మనుషులకు సెలవుంటుంది, కాంక్రీటుకు ఉండదు. కాంక్రీటు పనులకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం నాలుగున్నర మీటర్లకు మించిన స్పాన్ (ఆధారాల మధ్య దూరం) ఉన్న స్లాబ్ కింద పోట్లు (ఆధారపు కర్రలు) మామూలుగా 14 రోజులు ఉంచాలి. ఈ 14 రోజుల్లో ఆదివారం కూడా ఒక రోజే, భోగి కూడా ఒక రోజే. 2026 జనవరి 10, శనివారం సాయంత్రం ఐదింటికి స్లాబ్ పోయడం పూర్తయిందనుకుందాం. ఆ నిరీక్షణను మామూలుగా 14 రోజులని కొడితే సాఫ్ట్‌వేర్ ఆదివారాలను వదిలేస్తుంది, 14, 15, 16 తేదీల సంక్రాంతి సెలవులు వదిలేస్తుంది, రిపబ్లిక్ డే వదిలేస్తుంది. లెక్క జనవరి 31కి తేలుతుంది. సెంట్రింగ్ విప్పడం ఫిబ్రవరి 2, సోమవారం మొదలు. రోజుల సంఖ్య పక్కన డీ (d) బదులు ఈడీ (ed) అని కొడితే, అంటే గడిచిన కాలం అని చెబితే, జనవరి 24 సాయంత్రానికే గడువు తీరుతుంది. 25 ఆదివారం, 26 సెలవు, 27న మేస్త్రి విప్పడం మొదలుపెడతాడు. ఈ మధ్యలో ఊరికే నిలబడే షట్టరింగ్ ప్లేట్లకు, పోట్లకు రోజువారీ అద్దె కట్టేవాళ్లకు రెండు అక్షరాల విలువ ఎంతో వేరే చెప్పక్కర్లేదు. క్యూరింగ్, పెయింట్ ఆరడం, సామాను లారీలో వచ్చే రోజులు కూడా ఈ కోవలోవే.

క్యాలెండర్ అసలు బలం తెలియాలంటే కాలువ పని చూడాలి. గొట్టా బ్యారేజీ నుంచి వంశధార కాలువలకు ఖరీఫ్‌కు నీళ్లు వదిలాక కాలువ లోపల లైనింగ్ పని చేయడం కుదరదు. పంట చేతికొచ్చి నీళ్లు ఆగాకే మట్టి తవ్వే యంత్రం దిగుతుంది. అలాంటి పనికి జనవరి నుంచి జూన్ వరకే పని రోజులున్న క్యాలెండర్ ఒకటి కట్టి, దాన్ని టాస్క్ క్యాలెండర్‌గా, అంటే ఆ ఒక్క పనికే వర్తించేలా తగిలించాలి. జులై నుంచి డిసెంబర్ దాకా వారంలో ఏడు రోజులూ సెలవు అని ఏటేటా ఒక వర్క్ వీక్ పెడితే చాలు. ఇప్పుడు పని నాలుగు రోజులు ఆలస్యమై జూన్ ఆఖరు దాటితే, సాఫ్ట్‌వేర్ ఆ నాలుగు రోజులను జనవరి మొదటి వారంలో చూపిస్తుంది. నాలుగు రోజుల ఆలస్యం ఆరు నెలలైంది. మామూలు క్యాలెండర్ మీద అదే పని జులై 4కి పూర్తయినట్లు కనిపించేది. ఫిబ్రవరిలో ఒక వారం జారిపోతే ఏమవుతుందో ఫిబ్రవరిలోనే చూడగలగడం, రెండో ఎక్స్‌కవేటర్ అద్దెకు తెచ్చుకోవాలా వద్దా అన్నది అప్పుడే తేల్చుకోగలగడం ఈ ఒక్క క్యాలెండర్ వల్ల సాధ్యం.

దీనికీ ఒక చిన్న ఇబ్బంది ఉంది. అలా గడువు దాటిన పని బార్ జూన్ నుంచి జనవరి దాకా తెగకుండా ఒకే పట్టీలా సాగుతుంది. సమీక్షకు వచ్చిన అధికారి అది చూసి ‘వానాకాలమంతా పని చేస్తున్నారన్నమాట’ అనుకోవచ్చు. టైమ్‌స్కేల్ సెట్టింగ్‌లో సెలవుల రంగును బార్ల ముందు వేసేలా మార్చి, ఈ కాలువ క్యాలెండర్‌నే దానికి ఇస్తే మధ్యలోని ఆరు నెలలు మసకబారి కనిపిస్తాయి.

సముద్రం వైపు లెక్క ఇంకోలా ఉంటుంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు మరపడవల వేట నిషేధం. జెట్టీ మరమ్మతు లాంటి పనికి పడవలు కదలని ఆ రెండు నెలలే అనువు. అక్కడా ఇదే పద్ధతి.

టాస్క్ క్యాలెండర్‌కూ మనుషుల క్యాలెండర్‌కూ పొత్తు కుదరనప్పుడు వచ్చే తలనొప్పికి రైల్వే ఓవర్ బ్రిడ్జి మంచి ఉదాహరణ. పట్టాల మీద గర్డర్ (వంతెన దూలం) దించాలంటే రైళ్లు ఆపి బ్లాక్ ఇవ్వాలి. అది ఆదివారం తెల్లవారుజాము 1 నుంచి 4 దాకా మాత్రమే దొరుకుతుందనుకుందాం. ఆ పనికి ‘బ్లాక్’ క్యాలెండర్ తగిలించి, క్రేన్ గ్యాంగ్‌ను కేటాయిస్తే, సాఫ్ట్‌వేర్ రెండింటికీ ఉమ్మడిగా ఉన్న గంటల్లోనే పని పెడుతుంది. గ్యాంగ్ క్యాలెండర్ పగటిది. ఉమ్మడి గంటలు సున్నా. హెచ్చరిక వస్తుంది. మనుషుల క్యాలెండర్‌ను పట్టించుకోవద్దని చెప్పే టిక్ ఒకటి టాస్క్ వివరాల్లో ఉంది. తొందరలో అందరూ చేసేది ఆ టిక్ పెట్టడమే. హెచ్చరిక పోతుంది గాని, శనివారం సాయంత్రం దాకా క్రేన్ నడిపిన మనిషే రాత్రి ఒంటిగంటకు మళ్లీ ఎక్కుతున్నాడన్న సంగతి కూడా దాంతో పాటే కనబడకుండా పోతుంది. గ్యాంగ్ క్యాలెండర్‌లోనే ఆ రాత్రిని పని వేళగా, ముందు పగలును సెలవుగా పెట్టడం కాస్త ఎక్కువ పనే అయినా సరైన పని. ఇంకొకటి, ఆ పనికి ఎనిమిది గంటలని కొడితే మూడు గంటల చొప్పున మూడు ఆదివారాలకు పంచేస్తుంది. గర్డర్‌ను సగంలో గాల్లో వదిలేసి వారం తర్వాత మళ్లీ దించరు కదా!

ఇక తుపాను. పైలిన్ 2013 అక్టోబర్ 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటితే శ్రీకాకుళం తడిసిపోయింది. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర దాటింది. తిత్లీ 2018 అక్టోబర్ 11న నేరుగా శ్రీకాకుళం జిల్లా మీదే పడి ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలను పడగొట్టింది. గులాబ్ 2021 సెప్టెంబర్ 26న కళింగపట్నం దగ్గర దాటింది. ఈ తేదీలు చూసి అక్టోబర్ రెండో వారాన్ని ఏటా సెలవుగా పెట్టేద్దామనిపిస్తుంది. అలా చేస్తే తుపాను రాని ఏడాది ఆ వారం ఉత్తినే పోతుంది. వచ్చిన ఏడాది ఆ వారం సరిపోదు, ఎందుకంటే గాలి ఒక్కరోజుదే అయినా కరెంటు రావడం, రోడ్డు మీద చెట్లు తీయడం, కూలీలు తమ ఇంటి పైకప్పు సరిచేసుకుని తిరిగి రావడం చాలా రోజుల పని. కచ్చితంగా వచ్చేవి క్యాలెండర్‌లో ఉండాలి, రావచ్చు రాకపోవచ్చు అన్నవాటికి ముఖ్యమైన మైలురాయి ముందు విడిగా ఒక బఫర్ పని (ఆలస్యానికి అట్టిపెట్టిన అదనపు రోజులు) పెట్టి దానికి పేరు రాయాలి. వానలు ఈ రెండింటికీ మధ్యలో ఉంటాయి. జులైలో కొన్ని రోజులు మట్టి పని ఆగుతుందన్నది ఖాయం, ఏ రోజులన్నది తెలియదు. మట్టి పనికి మాత్రం వేరే క్యాలెండర్ కట్టి, వానాకాలం నెలల్లో నెలకిన్ని రోజులని సెలవులు చల్లడం ప్లానింగ్ వాళ్లలో ఉన్న పద్ధతే. లోపలి ప్లాస్టరింగ్‌కు అది తగిలించకూడదు.

పెద్ద పోర్టులు, విమానాశ్రయాల స్థాయి పనుల్లో ఎక్కువగా ప్రైమవెరా పీ6 అనే ఇంకో షెడ్యూలింగ్ సాఫ్ట్‌వేర్ కనిపిస్తుంది. అందులో క్యాలెండర్లు గ్లోబల్, ప్రాజెక్ట్, రిసోర్స్ అని మూడు రకాలు. గ్లోబల్ క్యాలెండర్‌లోని సెలవులను ప్రాజెక్ట్ క్యాలెండర్ వారసత్వంగా తీసుకునేలా పెట్టొచ్చు, కాబట్టి పైన చెప్పిన కాపీల బెడద అక్కడ తక్కువ. మారకం రేటు బెడద మాత్రం అక్కడా ఉంది. పది గంటల షిఫ్ట్ క్యాలెండర్ పెట్టి రోజుకు 8 గంటలన్న అంకెను అలాగే వదిలేస్తే, పది రోజుల పని పన్నెండున్నర రోజులుగా కనిపిస్తుంది. రెండు పనుల మధ్య పెట్టే లాగ్ (ఎడం) ఏ క్యాలెండర్ మీద నడవాలన్నది షెడ్యూల్ ఆప్షన్స్‌లో ఎంచుకోవాలి: ముందు పనిదా, తర్వాతి పనిదా, ప్రాజెక్ట్‌దా, 24 గంటలదా. ఒకే దారిలో ఆరు రోజుల పనులూ ఏడు రోజుల పనులూ కలిస్తే ఫ్లోట్ (ఆఖరి తేదీ జరగకుండా పని ఆలస్యం కాగల రోజులు) ఒక్కో పనికి ఒక్కోలా వస్తుంది గనక, ఫ్లోట్ సున్నా ఉన్నవే క్రిటికల్, అంటే ఆఖరి తేదీని తేల్చేవి అన్న సూత్రం అక్కడ పని చేయదు. అలాంటప్పుడు అన్నిటికన్నా పొడవైన పనుల గొలుసును చూపే ‘లాంగెస్ట్ పాత్’ ఎంపిక నమ్మదగ్గది.

పని మధ్యలో క్యాలెండర్ ముట్టుకోవడం గురించి కూడా చెప్పుకోవాలి. ఆలస్యం కనిపించగానే ఆదివారాలను పని రోజులుగా మార్చేస్తే ఫైల్‌లో ఆఖరి తేదీ ముందుకొస్తుంది. ఒక్క డ్యూరేషన్ కూడా మారలేదు కాబట్టి ఎవరు ఏం చేశారో తర్వాత పట్టుకోవడం కష్టం. గడువు పొడిగింపు అడిగే రోజున, ఆమోదించిన బేస్‌లైన్‌లో (మొదట ఒప్పుకున్న షెడ్యూల్ నకలులో) ఏ క్యాలెండర్ ఉందన్నదే మొదటి ప్రశ్న అవుతుంది. ఫిడిక్ (అంతర్జాతీయ కన్సల్టింగ్ ఇంజనీర్ల సమాఖ్య) తరహా ఒప్పందాల్లో రోజంటే క్యాలెండర్ రోజే, ఆదివారంతో సహా. షెడ్యూల్‌లో రోజంటే పనిదినం. ఈ రెండు రోజులను కలిపి మాట్లాడుకునే సమావేశాలు చాలానే జరుగుతుంటాయి.

ప్రభుత్వం మరుసటి ఏడాది సాధారణ సెలవుల జాబితాను ముందటి ఏడాది చివర్లో ఇస్తుంది. రెండున్నరేళ్ల ప్రాజెక్ట్‌కు మొదటి నెలలో క్యాలెండర్ కట్టిన మనిషికి చేతిలో ఉన్నది ఆ ఒక్క ఏడాది జాబితానే. డిసెంబర్‌లో ఆ పెట్టె మళ్లీ తెరిచి కొత్త ఏడాది తేదీలు ఎక్కించే బాధ్యత ఎవరిదని రాసుకోకపోతే, రెండో సంక్రాంతికి కూలీలంతా ఊళ్లో ఉంటారు, ఆ ఫైల్‌లో మాత్రం కనుమ నాడు కూడా స్లాబ్ పోస్తూనే ఉంటారు.